సోకు చూడాలా, గట్టిదనం చూడాలా? 50–80 వేలలో ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం మా చిన్నమ్మ కొడుకు బెంగళూరు మారతహళ్లి షోరూంలోంచి వీడియో కాల్ చేశాడు. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లున్నాయి. ఒకటి ముదురు నీలం, అల్యూమినియం మూత, పక్కనుంచి చూస్తే నోటు పుస్తకమంత పలచన. రెండోది నల్లటి ప్లాస్టిక్. ప్రాసెసర్ ఒకటే, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ధర కూడా కాస్త అటూ ఇటూగా డెబ్బై వేలు. "అన్నా, నల్లది మా మేనేజర్ లాగా ఉంది. నీలంది తీసేసుకుంటా" అన్నాడు.

"ఆగరా. ముందు రెండింటి మూతా ఒక పక్క మూల పట్టుకుని తెరిచి చూపించు" అన్నాను. అదేం పరీక్షో వాడికి అర్థం కాలేదు.

అర్థం కావాలంటే నా పాత ల్యాప్‌టాప్ గురించి చెప్పాలి. అది కూడా అలాంటి మెరిసే సరుకే. కంపెనీ పేరు ఎందుకులెండి. కొన్న రెండో ఏడాది సంక్రాంతికి ఒంగోలు వెళ్లి వచ్చాక మూత ఎత్తుతుంటే ఎడమవైపు టక్కుమంది. కీబోర్డు వెనక మూల దగ్గర కింది డొప్ప చీలి నోరు తెరిచింది. వారంటీ ఇంకా ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తాను. అక్కడి అబ్బాయి ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీలోకి రాదు" అన్నాడు. కింద పడలేదయ్యా అన్నా వినలేదు. పన్నెండు వేలన్నాడు. దాంతో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్ పట్టాను. మెట్రో గ్రీన్ లైన్‌లో కేఆర్ మార్కెట్ స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు. పైకప్పు తక్కువగా ఉన్న ఒక మేడ మీది గదిలో రిపేరు చేసే ఆయన నా ముందే అడుగు మూత విప్పాడు. మూతను కింది భాగానికి కలిపే మడతబందు, అదే హింజ్, ఉక్కుది, చెక్కు చెదరలేదు. దాన్ని బిగించిన స్క్రూలు మాత్రం ఊడొచ్చాయి. ఒక్కో స్క్రూకి వడ్లగింజంత ఇత్తడి నట్టు అతుక్కుని ఉంది, చుట్టూ ప్లాస్టిక్ పొడి. "ఇనుము బాగానే ఉంది సార్. ఇది కూర్చున్న చోటే బలం లేదు" అన్నాడు సగం కన్నడం, సగం తెలుగులో. ఆరల్‌డైట్ జిగురు కలిపి, నట్లు మళ్లీ కూర్చోబెట్టి, రాత్రంతా ఆరబెట్టి పద్దెనిమిది వందలు తీసుకున్నాడు.

పైన అల్యూమినియం, లోపల నట్లు పట్టుకున్నవి మూడు పలచటి ప్లాస్టిక్ గూళ్లు. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు బల్ల మీద కళ్లారా చూశాను. అప్పటినుంచి మా వాళ్లెవరు ల్యాప్‌టాప్ కొంటామన్నా ముందు హింజ్ గురించే అడుగుతున్నా.

'మెటల్ బాడీ' అంటే ఏ బాడీ?

షోరూంలో ఈ మాటను మూడు రకాల వస్తువులకు వాడతారు. మొదటిది పైనా కిందా నిజంగా అల్యూమినియమే. రెండోది మూత ఒక్కటే అల్యూమినియం, కీబోర్డు చుట్టూ, అడుగున ప్లాస్టిక్. మూడోది మొత్తం ప్లాస్టిక్, మీద వెండి రంగు పెయింటు. దీన్ని 'మెటాలిక్ ఫినిష్' అంటారు, చెప్పేటప్పుడు 'ఫినిష్' అన్న ముక్కను మింగేస్తారు. మన బడ్జెట్లో రెండో రకం చాలా కనిపిస్తుంది. ఏసీ షోరూంలో కనిపెట్టడం తేలికే. మూత మీద, కీబోర్డు పక్కన, అడుగున అరచెయ్యి ఆనించండి. లోహమైతే చల్లగా తగులుతుంది.

అలాగని లోహమంటేనే గట్టిదనీ కాదు. అల్యూమినియం మూల నేలకు తగిలితే సొట్ట పడుతుంది, పడ్డ సొట్ట అలాగే ఉండిపోతుంది. మంచి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ అయితే కాస్త వంగి మళ్లీ మామూలవుతుంది. మన తల కాపాడే హెల్మెట్ డొప్పలు చాలావరకు ప్లాస్టిక్‌వే కదా. ప్లాస్టిక్‌లో భయపడాల్సింది బోలుగా, వేలితో తడితే డబ్బా శబ్దం వచ్చేదానికి.

లోహపు బాడీతో ఇంకో చిన్న తంటా ఉంది. పీజీ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. గోడ ప్లగ్గుకు ఎర్త్ సరిగ్గా లేకపోయినా, ఛార్జర్ రెండు పిన్నులదైనా, ఛార్జింగులో ఉండగా మూత మీద మునివేళ్లు జరిపితే సన్నగా జిల్లుమంటుంది. ఛార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా వచ్చే అతి చిన్న లీకేజీ కరెంటు అది. మామూలుగా ప్రమాదమేమీ కాదు. మూడు పిన్నుల ఛార్జర్, ఎర్త్ ఉన్న ప్లగ్గు వాడితే పోతుంది.

ఇక 'మిలిటరీ గ్రేడ్' స్టిక్కర్. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ రాసుకున్న పరీక్షా పద్ధతుల పుస్తకం. 2019లో వచ్చిన దాని హెచ్ సంచికనే ఇప్పుడు ఎక్కువమంది స్టిక్కర్ మీద వేస్తున్నారు. పడెయ్యడం, కుదుపు, వేడి, చలి, తేమ, దుమ్ము ఇలా చాలా పరీక్షలున్నాయి అందులో. వాటిలో ఏవి చెయ్యాలో, ఎలా చెయ్యాలో కంపెనీయే ఎంచుకుంటుంది. పాసయిందని ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. ఆ స్టిక్కర్ ఉన్న ల్యాప్‌టాప్ చేతిలోంచి జారి పగిలినా మామూలు వారంటీ వర్తించదు. స్టిక్కర్ ఉంటే మంచిదే, దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి.

దేన్నిబట్టి తూచాలి

నా లెక్కలో మొదటిది హింజ్, అది కూర్చున్న చోటు. రెండోది కీబోర్డు, దాని కింది పలక. మూడోది స్క్రీన్. ఆ తర్వాత బరువు, విప్పి మార్చుకునే వీలు, సర్వీస్. రంగు, పలచదనం, బొమ్మలాంటి అంచులు ఆఖర్న వస్తాయి. అవి అక్కర్లేదని అనడం లేదు. రోజుకు ఎనిమిది గంటలు ఎదురుగా పెట్టుకునే వస్తువు చూడబుద్ధి కావాలి. కానీ సోకు ఐదు నిమిషాల్లో కంటికి కనబడుతుంది, గట్టిదనం రెండో ఏడాదిలో తెలుస్తుంది. అందుకే షోరూంలో ఉన్న ఆ కాసేపూ రెండోదాని మీదే ఖర్చు పెట్టమంటాను.

హింజ్ ఎందుకు పాడవుతుందో తెలిస్తే సగం జాగ్రత్త అదే వస్తుంది. కొత్తలో దాంట్లో గ్రీజు ఉంటుంది. వాడగా వాడగా అది ఎండి, దుమ్ము చేరి, హింజ్ బిగుసుకుంటుంది. మనం మూత ఎత్తే బలమంతా తిరిగే చోటుకు పోకుండా స్క్రూలు పట్టుకున్న ప్లాస్టిక్ మీద పడుతుంది. పైగా ఒక మూల పట్టుకుని ఎత్తితే ఆ పక్క హింజ్ ఒక్కటే మొత్తం భారం మోస్తుంది, మూత మెలిపడుతుంది. రోజుకు పదిసార్లు ఇదే పని. కాబట్టి బిగుతుగా ఉన్న హింజ్‌ను చూసి 'అబ్బ, ఎంత గట్టిగా ఉందో' అని మురిసిపోవద్దు. మధ్యలో పట్టుకుని ఒంటి చేత్తో ఎత్తితే మెత్తగా తెరుచుకోవాలి, కింది భాగం పైకి లేవకూడదు, వదిలేస్తే ఎక్కడిదక్కడ నిలబడాలి.

నాలుగు దారులు

| రకం | హింజ్, బాడీ | కీబోర్డు | స్క్రీన్ | బరువు | తర్వాత మార్చుకోవడం |
|---|---|---|---|---|---|
| పలచటి సోకు రకం | మూత లోహం, అడుగు ఏదైనా కావచ్చు | ఫర్వాలేదు, లోతు తక్కువ | సాధారణంగా మంచిది, కొన్నిట్లో ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా సొంతంగా వెలిగే స్క్రీన్) | 1.3–1.6 కేజీలు | ర్యామ్ తరచూ బోర్డుకే అతికించి ఉంటుంది |
| ఆఫీసు రకం | కంటికి ఆనదు, పని గట్టిది | ఈ ధరలో ఇదే మేలు | చవక మోడళ్లలో మసక | 1.4–1.7 కేజీలు | చాలావాటిలో వీలుంది |
| గేమింగ్ రకం | మందపాటి ప్లాస్టిక్ | బాగుంటుంది | వేగం ఎక్కువ | 2 కేజీల పైన, ఛార్జర్ వేరే | ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ |
| మ్యాక్‌బుక్ ఎయిర్, పాత తరం | పూర్తి అల్యూమినియం | బాగుంటుంది | చాలా మంచిది | సుమారు 1.24–1.29 కేజీలు | ఏదీ మారదు |

*పలచటి సోకు రకం.* వివోబుక్ ఎస్, ఐడియాప్యాడ్ స్లిమ్ 5, స్విఫ్ట్ గో లాంటివి ఈ వరసలోవి. వీటిని తీసిపారెయ్యడం అన్యాయం. ఇదే ధరలో వీటికుండే స్క్రీన్ ఆఫీసు రకానికి తరచూ ఉండదు. ఓఎల్ఈడీ పక్కన పెట్టి చూస్తే మిగతావన్నీ ఉతికిన లుంగీలా కనిపిస్తాయి. దాని చిక్కు ఏమిటంటే, ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే దాని మచ్చ స్క్రీన్ మీద నిలిచిపోయే అవకాశముంది. పొద్దస్తమానం ఎక్సెల్ తెరిచి ఉంచేవాళ్లు కింద ఉండే టాస్క్‌బార్‌ను దాచిపెట్టుకోవాలి. గ్లాసు తళతళలాడుతుంది కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే మీ మొహమే మీకు కనబడుతుంది. ముదురు రంగు మూతల మీద వేలిముద్రల సంగతి చెప్పనే అక్కర్లేదు, మిర్చి బజ్జీ తిన్న చేత్తో పట్టుకుంటే పోలీసులు కూడా ముద్రలు తీసుకోవచ్చు. అసలు జాగ్రత్త ర్యామ్ దగ్గర. బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచుకోలేరు. 8 జీబీది ఎంత అందంగా ఉన్నా వద్దు.

*ఆఫీసు రకం.* థింక్‌ప్యాడ్ ఈ సిరీస్, ప్రోబుక్, ఎక్స్‌పర్ట్‌బుక్, ఒకప్పటి డెల్ లాటిట్యూడ్. డెల్ 2025లో పాత పేర్లు తీసేసి ఆఫీసు వరసకు 'డెల్ ప్రో' అని పెట్టింది, వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోండి. కంపెనీలు వీటిని వందల్లో కొంటాయి, మూడు నాలుగేళ్లు రకరకాల చేతుల్లో నలగాలి, పాడైతే త్వరగా విప్పి బాగుచెయ్యగలగాలి. వీటి తయారీ ఆ లెక్కతోనే సాగుతుంది. చాలావాటి మూత 180 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, పొరపాటున ఎక్కువ నెట్టినా హింజ్ మీద ఒత్తిడి పడదు. కీబోర్డు మీద నాలుగు గంటలు కోడ్ రాసినా వేళ్లు నొప్పెట్టవు. కొన్ని మోడళ్లలో టీ ఒలికితే కిందికి జారిపోయే కాలువలు కూడా పెడతారు.

వీటి బలహీనత స్క్రీన్. నిట్స్ అంటే వెలుతురు కొలత, ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అంటే ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. స్పెసిఫికేషన్ కాగితంలో '250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని కనబడితే అది మసక స్క్రీన్, రంగులు వెలిసినట్టుంటాయి. '300 నిట్స్' లేదా అంతకు పైన, '100 శాతం ఎస్ఆర్‌జీబీ' ఉన్నది అడగండి. ఒకే మోడల్ పేరు మీద రెండు రకాల స్క్రీన్లూ అమ్ముతారు. ఆన్‌లైన్లో తక్కువ ధర కనిపించిందంటే చాలాసార్లు అది మసకది.

*గేమింగ్ రకం.* ఆట ఆడేవాళ్లు, త్రీడీ పని చేసేవాళ్లు తప్ప మిగతావాళ్లు వదిలెయ్యొచ్చు. ఇటుకంత ఛార్జర్ కూడా మొయ్యాలి, బ్యాటరీ గబగబా దిగిపోతుంది. 'ఎందుకైనా మంచిది, పవర్‌ఫుల్‌ది తీసుకుందాం' అని కొన్న మా పెదనాన్న మనవడు ఇప్పుడు దాన్ని బల్ల మీదనుంచి కదపడు.

*మ్యాక్‌బుక్ ఎయిర్.* పాత తరానివి పండగ సేల్లో ఈ బడ్జెట్‌లోకి దిగుతుంటాయి. సోకూ గట్టిదనమూ రెండూ ఒకచోట దొరికేది నా చూపులో ఇక్కడే. 2020 నవంబరులో వచ్చిన ఎం1 మోడల్ నుంచీ దీంట్లో ఫ్యానే లేదు, దుమ్ము లోపలికి లాగడమనే మాటే లేదు. కానీ స్క్రీనుకూ కీబోర్డుకూ మధ్య సందు దాదాపు ఉండదు. కెమెరాకు ప్లాస్టిక్ కవర్ అంటించి మూత మూస్తే స్క్రీన్ పగలొచ్చని ఆపిలే హెచ్చరించింది. బియ్యపుగింజ పడినా అంతే. పగిలితే బాగుచేయించే ఖర్చు చూశాక, ఆ డబ్బుతో ఒక మామూలు విండోస్ ల్యాప్‌టాప్ కొనుక్కుందామన్న ఆశ పుడుతుంది. మెకానికల్, సివిల్ చదివే పిల్లలకైతే ముందు కాలేజీలో కనుక్కోండి. సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటివి మ్యాక్ కోసం తయారు చెయ్యలేదు.

ఐదో దారి ఒకటుంది, ఎస్పీ రోడ్‌లో అది నడుస్తూనే ఉంటుంది: కంపెనీలు వాడి వదిలేసిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లు. పై వరస థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్‌లు కొత్తవాటి ధరలో సగానికీ అంతకన్నా తక్కువకూ దొరుకుతాయి. హింజ్ గట్టిదనంలో కొత్తగా కొనే 60 వేలదాన్ని ఓడించేవి వాటిలో ఉన్నాయి. మూడు చూసుకోండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కేది కావాలి. ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ పైన. షాపతని చేతే బ్యాటరీ రిపోర్ట్ తీయించి, తయారైనప్పటి కెపాసిటీకీ ఇప్పుడు ఫుల్ ఛార్జ్‌లో ఉన్నదానికీ తేడా చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, 'బిల్లెందుకు సార్' అన్నచోట కొనొద్దు.

షోరూంలో ఐదు నిమిషాలు

మూత మధ్యలో పట్టుకుని తెరవండి. తర్వాత కావాలనే ఒక మూల పట్టుకుని, నెమ్మదిగా, బలం పెట్టకుండా ఎత్తండి. మూత మెలిపడి రెండో మూల వెనకబడుతుందా? కిర్రుమంటుందా? మా వాడితో చేయించింది ఈ పరీక్షే.

కీబోర్డులో జీ, హెచ్ మీటల మధ్య వేలితో కాస్త గట్టిగా నొక్కండి. పలక పడవలా దిగిపోతే బాలేదు. ఒక మూల పట్టుకుని మొత్తం ల్యాప్‌టాప్‌ను గాల్లోకి ఎత్తండి, కరకరమనకూడదు. మూత వెనక వేలితో నొక్కితే స్క్రీన్ మీద నీళ్ల అలల్లాంటి మచ్చలు కనిపిస్తే బస్సులో, బ్యాగులో దానికి కష్టమే. బల్ల మీద పెట్టి టైప్ చేస్తూ స్క్రీన్ ఎంత ఊగుతుందో చూడండి.

ఆ తర్వాత తిరగేసి అడుగు చూడండి. చాలామంది ఈ పని చెయ్యరు. స్క్రూలు మామూలు ప్లస్ తలవా, అంటించిన రబ్బరు కాళ్లు ఊడొచ్చేలా ఉన్నాయా, గాలి లాగే సందులు ఎక్కడున్నాయి? సందులన్నీ అడుగునే ఉంటే పరుపు మీద పెట్టుకుని పనిచేసేవాళ్లకు వేడెక్కుతుంది. బెంగళూరు చల్లదనంలో తెలియకపోవచ్చు, మే నెలలో విజయవాడ వెళ్లినప్పుడు తెలుస్తుంది.

మీరు ఎవరైతే ఏది

ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకు ఆఫీసు రకం, 16 జీబీ, మంచి స్క్రీన్ ఉన్నది. నాలుగేళ్లు హాస్టల్ మంచాల మీద, స్నేహితుల చేతుల్లో బతకాలి. ప్రమాదవశాత్తూ జరిగే డ్యామేజీకి వేరే ప్లాన్ అమ్ముతారు, కొన్నప్పుడే తీసుకోవడం మేలు. మీ ఊరికి ఆన్‌సైట్ సర్వీస్, అంటే ఇంటికే వచ్చి బాగుచెయ్యడం, వస్తుందో లేదో ఇంటి పిన్‌కోడ్ పెట్టి చూసుకోండి. షోరూం అతను 'ఇండియా అంతా వస్తుంది సార్' అంటాడు, అది పట్టించుకోవద్దు.

మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు నేనైతే వాడిన ఆఫీసు ల్యాప్‌టాప్ కొనమంటాను. ఉద్యోగం వస్తే కంపెనీ ఎలాగూ ఒకటి ఇస్తుంది. మిగిలిన డబ్బు పీజీ అద్దెకు పనికొస్తుంది.

శుక్రవారం రాత్రి మడివాళలోనో కలాసిపాళ్యంలోనో బస్సెక్కి ఊరెళ్లేవాళ్లు బరువు, మూత గట్టిదనం రెండూ చూడాలి. స్లీపర్ బెర్తులో తలకింద బ్యాగు పెట్టుకుని పడుకోవడం మనకు అలవాటు. పలచటి మూత మీద తలబరువు తెల్లారేదాకా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇక సోకుకే ఓటు వెయ్యాల్సినవాళ్లూ ఉన్నారు. ఇంటీరియర్ డిజైనింగ్ చేసే మా ఇంటి ఆడపడుచు కస్టమర్ల డ్రాయింగ్ రూములో ల్యాప్‌టాప్ తెరిచి రంగులు చూపించాలి. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఆల్బం చూపించి అక్కడికక్కడే అడ్వాన్సు తీసుకోవాలి. వాళ్లకు ఓఎల్ఈడీ, అల్యూమినియం మూత వ్యాపారపు పెట్టుబడి. ఇంట్లో బల్ల మీదనుంచి కదపకుండా వర్క్ ఫ్రమ్ హోం చేసేవాళ్లూ అంతే, హింజ్ కష్టపడే పనే తక్కువ కాబట్టి నచ్చింది కొనుక్కోవచ్చు.

మా తమ్ముడు చివరికి నీలందే కొన్నాడు. మూత పరీక్షలో అది నేను అనుకున్నంత అధ్వానంగా లేదు, అడుగు కూడా లోహమే, స్క్రీన్ మాత్రం నల్లదానికన్నా చాలా మెరుగు. నల్లదాంట్లో స్టాకున్నది ఆ మసక స్క్రీన్ మోడలే. డ్యామేజీ ప్లాన్ తీసుకుంటే సరేనన్నాను, తీసుకున్నాడు. మూత ఎప్పుడూ మధ్యలో పట్టుకునే తెరవాలని ఫోన్లో రెండుసార్లు చెప్పాను. మొన్న ఆదివారం వాడి పీజీకి వెళ్తే, ఒక చేత్తో ఇడ్లీ తింటూ, ఎడమ మూల పట్టుకుని ఎత్తుతున్నాడు.